అరవై లక్షలు పెట్టి ట్రావెల్స్ బండా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది కూకట్‌పల్లి. ఇంట్లో ఏడుగురం: అమ్మా నాన్నా, మా మేనత్త, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పాత ఇన్నోవా అమ్మేసి పెద్ద బండి తీసుకుందామనుకుంటున్నాం. మా ఆవిడ ఆ పక్కకి జారే తలుపుల కియా కార్నివాల్ వ్యాన్ చూసొచ్చిందగ్గర్నుంచి ఇంకో పేరు ఎత్తనివ్వడం లేదు. తమ్ముడేమో "అంత డబ్బు పోసి ట్రావెల్స్ బండి కొంటావా అన్నయ్యా, ఫార్చూనర్ తీసుకో, దర్జాగా ఉంటుంది" అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. కాకపోతే అడ్వాన్సు కట్టే ముందు ఒకసారి టేపు పట్టుకుని మీ సెల్లార్‌లోకి దిగండి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మీ తమ్ముడు చెప్పే దర్జా రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళది. ఎక్కి దిగేది మీ అమ్మగారు. ఫార్చూనర్‌కి కింద ఉక్కు ఫ్రేము ఉంటుంది, దాని మీద బాడీ బిగిస్తారు, గుంతల దారిలో అది బలమే గానీ దానివల్ల ఫ్లోర్ పైకి లేస్తుంది, అంటే మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో మనవడి భుజం పట్టుకుని పైకి ఎగబాకాలి. కార్నివాల్‌కి ఆ ఫ్రేము లేదు. ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది కాబట్టి వెనక్కి వెళ్ళే షాఫ్టూ లేదు. అందుకే ఫ్లోర్ కిందికి వచ్చి చదునుగా ఉంటుంది. ఈ బండ్ల అసలు సుఖం అక్కడుంది, మిగతా లెదర్లూ లైట్లూ తర్వాతే.

పోయిన శ్రావణంలో శంషాబాద్ వైపు ఒక పెళ్ళికి మా అత్తయ్యగారిని మా ఆడపడుచు వాళ్ళ కార్నివాల్లో తీసుకెళ్ళాం. స్లైడింగ్ డోర్ పక్కకి జరగ్గానే ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ముందు పక్కవాటుగా కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తీసుకుని, "ఆటో ఎక్కినట్టే ఉందే" అన్నారు. ఆవిడ నోట్లోంచి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

ఇక సెల్లార్. మన అపార్ట్‌మెంట్లలో రోజూ చూసేదే, అటు పిల్లర్, ఇటు పక్కింటివాళ్ళ కారు, తలుపు జానెడు కూడా తెరుచుకోదు, పెద్దవాళ్ళు వాన పడుతున్నా గేటు దగ్గర గొడుగేసుకుని నిలబడితే మనం బండి బయటికి తీసి ఎక్కించుకోవాలి. వెనక తలుపు పక్కకి జారేదైతే కాస్త సందున్నా చాలు, పార్క్ చేసిన చోటే ఎక్కొచ్చు. కానీ ఆ బండి అక్కడ పడితేనే కదా! దాని పొడవు 5155 మి.మీ., వెడల్పు 1995 మి.మీ., అద్దాలు దానికి అదనం. మీ పార్కింగ్ గడి కొలవండి. రెండు చక్రాల మధ్య దూరం కూడా 3 మీటర్ల పైనే, కాబట్టి ర్యాంప్ నిటారుగా ఉంటే వాలు మారేచోట బండి పొట్ట గీసుకునే ప్రమాదం ఉంది. టెస్ట్ డ్రైవ్ ఎక్కడెక్కడో ఎందుకు, మీ సెల్లార్‌లోకే దింపించండి, అమ్మగారినీ మేనత్తగారినీ కూర్చోబెట్టుకుని.

సీట్లు రెండు, రెండు, మూడు. మధ్యలో ఉన్న రెండూ సింహాసనాలు, గాలి వస్తుంది, కాళ్ళకి ఆసరా లేస్తుంది. అవి అమ్మానాన్నలవి. మీరు డ్రైవర్, మీ ఆవిడ పక్కన. వెనక మూడింట్లో మేనత్తగారూ పిల్లలూ, మధ్య సీట్ల నడుమ దారి ఉంది కాబట్టి ఆవిడ సీటు మడవకుండానే వెళ్ళగలరు. అయితే శ్రీశైలం ఘాట్‌లో పిల్లలకి వాంతులైతే బండిని తిట్టుకోకండి. వెనక్కి వెళ్ళేకొద్దీ ఊపు ఎక్కువ, ముందు రోడ్డు కనపడదు, దానికితోడు ఫోన్ చూస్తుంటారు, కళ్ళు కదలడం లేదంటాయి, చెవి లోపలి భాగమేమో కదులుతున్నామంటుంది, కడుపు మధ్యలో నలిగిపోతుంది. ఫోన్లు లాక్కోండి, నిమ్మకాయలు పెట్టుకోండి.

డబ్బు సంగతి. కొత్త కార్నివాల్ 2024 అక్టోబరులో వచ్చినప్పుడు 63.90 లక్షలు, అదీ ఎక్స్‌షోరూం, లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ వేరే. ఏడుగురూ కలిసి వెళ్ళేది ఏడాదికి రెండు పెళ్ళిళ్ళూ ఒక తిరుపతీ అయితే, దాదాపు సగం ధరకే ఇన్నోవా హైక్రాస్ దొరుకుతుంది. అదీ ఫ్రేము లేనిదే, పొడవు 4755 మి.మీ. తలుపులు మామూలువే, అంతే. నెలలో నాలుగు ఆదివారాలూ అందరూ ఎక్కేవాళ్ళయితేనే కార్నివాల్.

ఒకటి మర్చిపోయాను. నాకు తెలిసినవాళ్ళకి ఇలాంటి బండే ఒకటుంది. బతుకమ్మ మర్నాడు వెనక తలుపు మూసుకుంటూ మూసుకుంటూ మళ్ళీ తెరుచుకుంటోందట. మెకానిక్ వచ్చి చూస్తే కింది పట్టాలో తంగేడు పువ్వులు. ఆ పట్టాలు అప్పుడప్పుడు తుడిపిస్తుండండి.

ప్రశ్న: ఇలాంటిదే ఎలక్ట్రిక్ బండి ఎంజీ ఎం9 ఎలా ఉంటుంది? తిరుపతికి వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళొచ్చు, దారిలో ఒక ఛార్జింగ్ లెక్క వేసుకుని. కంపెనీ చెప్పేది 548 కిలోమీటర్లు, ఏసీ వేసి ఏడుగురు ఎక్కి హైవే మీద పోతే అంత రాదు. 2025 జులైలో 69.90 లక్షలకి వచ్చింది. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆన్‌రోడ్ ధర చూశాకే డీజిల్ కార్నివాల్‌తో పోల్చండి. ఇది ఇంకా పొడవు, 5200 మి.మీ. టేపు మర్చిపోవద్దు.

ప్రశ్న: కార్నివాల్ మాటెత్తితే డాలస్‌లో ఉండే మా అక్క "మినీవ్యానా? ఇక్కడ పిల్లల్ని స్కూల్లో దింపడానికి వాడతారే" అని ఒకటే నవ్వు. ఇక్కడ చూస్తే డబ్బున్నవాళ్ళంతా అలాంటిదే టొయోటా వెల్‌ఫైర్‌లో తిరుగుతున్నారు. ఏమిటిది?

జవాబు: రెండూ నిజమే. అమెరికాలో 1980లలో క్రైస్లర్ వాళ్ళు మినీవ్యాన్ తెచ్చింది పిల్లలున్న ఇళ్ళ కోసమే. జపాన్లో టొయోటా 2002లో తెచ్చిన ఆల్ఫార్డ్‌లో పెద్ద పెద్ద కంపెనీల బాసులు వెనక కూర్చుంటారు, వెల్‌ఫైర్ దాని తోడబుట్టిందే, ఇక్కడ కోటి దాటుతుంది. మనకి మాత్రం ఈ ఆకారం చూడగానే ట్రావెల్స్ బండే గుర్తొస్తుంది, ఏం చేస్తాం. మీ అక్కగారు ఈసారి సంక్రాంతికి దిగినప్పుడు ఎవరిదైనా కార్నివాల్ అడిగి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళండి. మూడో వరస సీట్లు లేచి ఉండగానే వాటి వెనక గుంటలో సూట్‌కేసులు నిలబెట్టొచ్చు. తిరుగు ప్రయాణంలో ఆవకాయ డబ్బాలు కూడా అక్కడే.