అలల కోసం చీటీ పాడొద్దమ్మా

ప్రశ్న: మాది కడప. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 28,000. స్కూలు సెలవులివ్వగానే, ఏప్రిల్ 26న, నర్సింగ్ చదువుతున్న మా చెల్లెలితో కలిసి చెన్నై దగ్గర కోవళంలో మూడు రోజుల సర్ఫింగ్ క్యాంపుకు వెళ్లాలని ఉంది. ఇద్దరికీ బస, పొద్దుటి టిఫినుతో 18,000 అన్నారు, సగం అడ్వాన్సు. రైలుకూ ఆటోలకూ 4,000 వేసుకున్నాను. లక్ష రూపాయల చీటీ ఒకటి కడుతున్నాను. 20 నెలలు, నెలకు 5,000. ఈ అక్టోబరుతో మూడో నెల. చెల్లెలి చివరి ఏడాది ఫీజు కోసమని వేశాను గానీ, మార్చిలో పాడేసి ఆ డబ్బుతో వెళ్దామా అనుకుంటున్నాను. ఇంటి ఖర్చులూ చీటీ పోను నెలకు 6,000 మిగులుతుంది. అమ్మ ఆరోగ్యం కోసం 60,000 ఎఫ్‌డీలో ఉంది. అమ్మేమో ఇది దండగ ఖర్చంటోంది. మీరేమంటారు?

జవాబు: దండగ కాదమ్మా. వెళ్లండి. ఎఫ్‌డీ ముట్టుకోకుండా, ముందే దాచుకుని చేసే ఖర్చు ఏదైనా నా లెక్కలో దండగ కాదు. నేను వద్దనేది చీటీ పాట ఒక్కటే.

ఎందుకో చూడండి. మార్చిలో పాడితే అది ఎనిమిదో పాట. సగం చీటీ కూడా కాకముందే తీసుకోవాలంటే పాట గట్టిగా పోతుంది. 15,000 వదులుకున్నారనుకుందాం. చేతికి 85,000 వస్తుంది. ఆ 15,000లో చీటీ నడిపేవాళ్ల కమీషన్ 5,000 పోతే మిగిలిన 10,000 ఇరవై మందికీ పంచుతారు. మీ వంతు 500. అంటే 22,000 ఖర్చు కోసం 14,500 వదులుకుంటున్నారు. పేరు పాట అయినా అది వడ్డీయే. పైగా రిజిస్టరు చీటీ అయితే జామీను అడుగుతారు, ఇంకో పన్నెండు నెలలు వాయిదా కడుతూనే ఉండాలి. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మిగిలిన 63,000. ఇంట్లో చేతికందేలా ఉన్న డబ్బు చెల్లెలి ఫీజు కట్టే రోజు దాకా నిలవదు. ఏడు రోడ్ల దగ్గర మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో ఇది ఎన్నిసార్లు చూశానో. చీటీని ఫీజుకే వదిలేయండి.

ఇక మీ 22,000 చాలదు. టిఫిను వాళ్లిచ్చినా రెండు పూటల భోజనం మీదే, 3,000 వేయండి. నీళ్లలో వేసుకునే పొడుగు చేతుల బిగుతు చొక్కాలు, సన్‌స్క్రీన్‌కు 2,500. మన కడప ఎండకు అలవాటుపడ్డాంలే అనుకోవద్దు, నీటి మీద నుంచి ఎగిసొచ్చే ఎండ వేరు. చేతిలో ఉంచుకోవడానికి 1,500. మొత్తం 29,000. బోర్డు కొనే ఆలోచన ఉంటే మానేయండి. నేర్చుకునేవాళ్లకు ఎనిమిది తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు క్యాంపువాళ్లే ఇస్తారు.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు జీతాలున్నాయి. నెలకు 5,000 పక్కన పెడితే 30,000. అయితే మొత్తం ఒక్క ఆర్‌డీలో, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో, వేయకండి. అది ఏప్రిల్‌లో గానీ చేతికి రాదు, మీకేమో ఫిబ్రవరిలోనే డబ్బు కావాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఏప్రిల్ 26 ప్రయాణానికి ఫిబ్రవరి 25న అన్నమాట. అందుకని నెలకు 3,000 ఆరు నెలల ఆర్‌డీలో, 2,000 మీరు పెద్దగా వాడని ఇంకో సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఫిబ్రవరి చివరికి ఆ ఖాతాలో 10,000 ఉంటుంది. టికెట్లు, అడ్వాన్సు అందులోంచే. సగం కాదు, 5,000 తీసుకోమని క్యాంపువాళ్లను అడగండి. కొన్ని బ్యాంకుల్లో ఆర్‌డీ కనీస గడువు 12 నెలలు, ఆరు నెలలకు తెరిచే బ్యాంకు చూసుకోండి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, మీకు పనికిరాదు. ఆరు శాతం వడ్డీ వేసుకున్నా ఈ ఆర్‌డీ మీద వచ్చేది 300 పైచిలుకే. దాని ఉపయోగమల్లా సంక్రాంతి చీరలకు ఆ డబ్బు చేతికందకపోవడం.

నెలనెలా మిగిలిన వెయ్యితో ఇద్దరూ ఈత నేర్చుకోండి. మనిషికి 1,500 అనుకున్నా మూడు నెలల మిగులుతో సరిపోతుంది. ఇది మాత్రం వాయిదా వేయొద్దమ్మా. మా తరం బావుల్లో దూకి ఈత నేర్చుకుంది, మీ వయసువాళ్లకు ఆ బావులూ లేవు. మొదటి పాఠాలు నడుము లోతు నురగలోనే చెబుతారు, అయినా కాళ్లు తేలిపోయిన క్షణాన ఈత వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఒకటి కాదు. లోపలికి లాగే ప్రవాహంలో పడితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలని చెల్లెలికి కూడా చెప్పండి.

రెండేళ్ల కిందట మా అబ్బాయిని ఇలాంటి క్యాంపుకే తీసుకెళ్లాను. రెండో రోజు పొద్దున ఆరింటికి బోర్డు చంకన పెట్టుకుని ఇసుకలోకి వచ్చేసరికి ఒడ్డున ఎర్రజెండా పాతి ఉంది. సముద్రం బాగాలేదు, క్లాసు లేదన్నారు. అది సరైన నిర్ణయమే. కానీ ఆ రోజు డబ్బు వెనక్కి ఇవ్వలేదు, ఇంకో రోజు నేర్పనూ లేదు. చిన్న అక్షరాల్లో రాశామన్నారు. వాడు బోర్డుకు రాసిన మైనం గోటితో గీకుతూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. అందుకే అడ్వాన్సు వేసేముందు మూడు ప్రశ్నలు వాట్సాప్‌లో అడిగి జవాబు రాతలో తీసుకోండి: క్లాసు రద్దయితే డబ్బు ఇస్తారా, మనం రాలేకపోతే ఎంత కోస్తారు, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది?

బీమా సంగతి. వైద్య బీమా పాలసీల్లో సాహస క్రీడల్లో తగిలిన దెబ్బలకు డబ్బు ఇవ్వబోమనే మినహాయింపు చూసి చాలామందికి టెన్షన్. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన వాక్యం ప్రకారం అది ఆ క్రీడల్లో వృత్తిగా పాల్గొనేవారికి. సరదాగా నేర్చుకునే మీకు కాదు. అయినా మీ పాలసీ కాగితం తీసి చదవండి. ప్రమాద బీమాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఇద్దరికీ ఉందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి. అది ప్రమాద మరణానికీ వైకల్యానికీ గరిష్ఠంగా రెండు లక్షలు ఇస్తుంది గానీ ఆసుపత్రి బిల్లు కట్టదు. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు 45 పైసల బీమా గడిలో టిక్ పెట్టండి.

గది బుక్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. కేరళలోనూ కోవళం ఉంది, తిరువనంతపురం దగ్గర. మీది చెన్నై నుంచి మహాబలిపురం దారిలో, నగరానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది.

అమ్మకు ఈ లెక్క చదివి వినిపించండి. తన 60,000 అలాగే ఉందని, చీటీ చెల్లెలి ఫీజుకే ఉందని ముందు ఆ రెండు మాటలు చెప్పి, తర్వాత సముద్రం సంగతి ఎత్తండి.