అనపను పీకొద్దు, టమోటా వేర్లు చూడండి

ప్రశ్న: చంద్రగిరి దగ్గర మా పెరట్లో రెండు సెంట్లలో టమోటా, వంగ, బెండ, అనప వేశాం. కార్తీక వానలకు టమోటా వడలిపోతోంది. బెండాకులు పసుపు తిరిగాయి. అనప గుబురుగా పెరిగింది గానీ పూత లేదు. అన్నీ పీకి ఎరువు గుంతలో వేసి, సంక్రాంతి దాటాక మళ్లీ నారు పోద్దామా?
– ఒక మహిళా రైతు, తిరుపతి జిల్లా

జవాబు: అమ్మా, అనప జోలికి పోకండి. మన నాటు అనప పగటి పొద్దు తగ్గితే గానీ పూతకు రాదు. ఇన్ని నెలలు పెంచి, తీరా పితికిపప్పు వండుకునే కాలానికి పీకేస్తారా? యూరియా మాత్రం వేయకండి, ఆకు పెరుగుతుందే తప్ప పూత రాదు. పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

నాకు టెన్షన్ టమోటా గురించే. ఆకు పచ్చగా ఉండగానే వడలిందా? ఒక మొక్కను వేర్లతో తీసి, మొదలు దగ్గర కాండం ముక్క కోసి, గాజు గ్లాసులో తేటనీళ్లు పోసి అందులో కదపకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాలలాంటి తెల్లటి ధార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. వేర్ల నిండా బుడిపెలుంటే నులిపురుగులు. ఏదైనా సరే, ఆ మొక్కలు ఎరువు గుంతలో పడకూడదు. ఇంటి గుంత తెగులు చచ్చేంత వేడెక్కదు, ఆ ఎరువుతో మనమే రోగాన్ని మడిమడికీ మోసినట్టవుతుంది. ఎండబెట్టి, తోటకు దూరంగా కాల్చండి. ఎండు తెగులైతే అక్కడ రెండేళ్లయినా టమోటా, వంగ, మిరప వద్దు. నులిపురుగులైతే బెండ కూడా వద్దు, ఒత్తుగా బంతి నాటండి.

బెండది పల్లాకు తెగులు కావచ్చు. తెల్లదోమ మోసే ఆ వైరస్ ఎండిన మొక్కలో బతకదు. వేర్లు బాగుంటే ఎండబెట్టి గుంతలో వేసుకోవచ్చు. వంగ ఆరోగ్యంగా ఉంటే అడుగు ఎత్తుకు కత్తిరించండి, చిగురించి మళ్లీ కాస్తుంది. పుచ్చిన కాయలు మాత్రం ఏరి లోతుగా పూడ్చండి.

తడి నేలను తవ్వొద్దు, గడ్డలు కడుతుంది. పిడికెడు మట్టి ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదలండి. పొడిగా రాలితే పార పట్టొచ్చు. సంక్రాంతి దాకా మడి ఖాళీగా ఎందుకు? మెంతి, పాలకూర, కొత్తిమీర చల్లుకోండి. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లితేనే మొలక బాగా వస్తుంది.