ఆబ్జెక్టా, కాదా: పెర్ల్ నేర్చుకుంటున్న అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే టెన్షన్‌లో ఉన్నావని తెలిసిపోయింది. నీ పెర్ల్ ప్రోగ్రామ్‌లో చేతికొచ్చిన విలువ ఆబ్జెక్టో (అంటే ఒక క్లాసుకి చెందినదో) కాదో తేల్చడానికి రెఫ్ (ref) అనే ఫంక్షన్ వాడానన్నావు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. రెఫ్ ఆబ్జెక్టుకి క్లాసు పేరు చెబుతుంది, మామూలు హ్యాష్ రెఫరెన్సుకి (పేరు-విలువ జతల పట్టికని చూపించేదానికి) హ్యాష్ అంటుంది. నీ ఇఫ్‌కి రెండూ నిజమే. అందుకే హ్యాష్ రెఫరెన్స్ మీద మెథడ్ పిలిచిన చోట ప్రోగ్రామ్ పడిపోయింది.

తప్పొచ్చినా ప్రోగ్రామ్ ఆగకుండా ఎవాల్‌లో (eval) పెట్టి, ఫలానా క్లాసుదేనా అని అడిగే ఐసా (isa) మెథడ్ పిలిచి చూస్తానన్నావు కదా, అది మాత్రం వద్దు. ఒకచోట పనిచేసేటప్పుడు నేను అదే చేశాను. మా క్లాసు పేరు ఇన్‌వాయిస్. ఒకరోజు ఇన్‌పుట్ ఫైల్లోంచి సరిగ్గా అదే మాట ఉత్త స్ట్రింగ్‌గా వచ్చింది. పెర్ల్ దాన్ని క్లాసు పేరనుకుని మెథడ్ పిలిచి, నిజమేనంది. తర్వాతి లైన్లో అందులోంచి బిల్లు మొత్తం తియ్యబోతే, స్ట్రింగ్‌ని హ్యాష్ రెఫరెన్స్‌గా వాడకూడదని పెర్ల్‌లో తప్పుల్ని కట్టడి చేసే స్ట్రిక్ట్ (strict) ఆపేసింది. తప్పెక్కడుందో పట్టుకునేసరికి తెల్లారింది.

స్కేలార్ యుటిల్ (Scalar::Util) మాడ్యూల్లో బ్లెస్డ్ (blessed) అనే ఫంక్షన్ ఉంది, దాన్ని వాడు. 5.8 వెర్షన్ నుంచీ పెర్ల్‌తోపాటే వస్తోంది. బ్లెస్ చేసిన, అంటే ఒక క్లాసుకి కట్టిన, రెఫరెన్సుకి క్లాసు పేరిస్తుంది, మిగతా దేనికైనా అన్‌డెఫ్ (undef, విలువ లేదని). దాని ముందు, విలువ ఉందో లేదో చూసే డిఫైన్డ్ (defined) కూడా రాయి. క్లాసుకి సున్నా (0) అని పేరు పెట్టడం పెర్ల్‌లో కుదురుతుంది, అప్పుడు ఉత్త ఇఫ్ అబద్ధమంటుంది.

ఇంకొకటి, విలువ నిజమో కాదో ముందు చూసి ఆ తర్వాత బ్లెస్డ్ పిలవకు. జేసన్ (JSON) డేటాని చదివే జేసన్ పీపీ మాడ్యూల్ డీకోడ్ చేసి ఇచ్చే ఫాల్స్ కూడా మామూలుగా ఆబ్జెక్టే, కానీ ఓవర్‌లోడ్ వల్ల, అంటే ఇఫ్‌లో ఎలా కనిపించాలో క్లాసే చెప్పడం వల్ల, ఇఫ్‌లో అబద్ధం అవుతుంది. నీ ఫైళ్లన్నీ జేసనే కాబట్టి ఇది నీకు తప్పకుండా తగులుతుంది.

క్యూఆర్‌తో (qr) రాసిన రెజెక్స్‌ని (అక్షరాల నమూనాని) కూడా బ్లెస్డ్ ఆబ్జెక్టనే అంటుంది, అది నిజమే. నీకు కావాల్సింది ఏదో ఒక ఆబ్జెక్టు కాదు, నీ క్లాసు ఆబ్జెక్టు. దానికి 5.32లో ఐసా ఆపరేటర్ వచ్చింది, 5.36లో స్థిరపడింది. ఎడమవైపు స్ట్రింగున్నా, అన్‌డెఫ్ ఉన్నా ప్రోగ్రామ్ చావకుండా కాదంటుంది. మీ సర్వర్‌లో ఏ వెర్షనుందో చూసుకో, పాతదైతే బ్లెస్డ్ చూశాకే ఐసా మెథడ్ పిలువు.

అన్‌డెఫ్, ఖాళీ స్ట్రింగ్, క్లాసు పేరున్న స్ట్రింగ్, హ్యాష్ రెఫరెన్స్, రెజెక్స్, జేసన్ ఫాల్స్, నీ ఆబ్జెక్టు: ఈ ఏడింటికీ టెస్టులు రాసి పంపు. ఆదివారం కూర్చుని చూస్తాను.

నీ పెద్దమ్మ