కొడుకు ఫుట్‌బాల్ లైన్‌మన్ అవుతానంటున్నాడు, తండ్రి మాట్లాడడం మానేశారు

ప్రశ్న: మేము టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయికి పదహారేళ్లు, పదకొండో తరగతి చదువుతున్నాడు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, 255 పౌన్ల బరువు. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందు నిలబడి ఎదుటివారిని అడ్డుకునే వరుసలో ఆడుతూ, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ దాకా వెళతానంటున్నాడు. బరువు పెరగాలని రోజుకు ఐదారుసార్లు తింటున్నాడు. మా వారికీ అత్తగారికీ షుగర్ ఉంది. కిందటి సీజన్‌లో తలకు దెబ్బ తగిలితే రెండు రోజులు మాకు చెప్పలేదు. "ఒళ్లు పెంచుకుని తోసుకోవడం కూడా ఒక బతుకుతెరువేనా" అని మా వారు అన్నప్పటి నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. నేను ఎవరి పక్షాన నిలబడాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీ అబ్బాయి తన దెబ్బను దాచిపెట్టడం. చెబితే ఆట మాన్పిస్తారన్న భయంతోనే దాచి ఉంటాడు. ఆట ఊసెత్తితే తగువయ్యే ఇంట్లో పిల్లలు నొప్పిని కూడా దాచుకుంటారు. ఎవరి పక్షం అన్నది తర్వాత చూద్దాం. దెబ్బ తగిలిన రోజునే ఆ సంగతి మీ దగ్గరకు వచ్చి చెప్పగలిగే ధైర్యం అతనికి కలిగించడం ముందు జరగాలి.

అందుకు మీ వారు తమ మాటను వెనక్కి తీసుకోక తప్పదు. ఆ మాట నొప్పించడమే కాదు, అందులో నిజం కూడా లేదు. ఒక సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు టాకిళ్లు కలిసిన ఆ వరుసలోని ఐదుగురూ ఎదుటి జట్టు ఎక్కడ నిలబడింది, ఎవరు దూసుకురాబోతున్నారు అన్నది క్షణాల్లో పసిగట్టి, ఎవరు ఎవరిని ఆపాలో పంచుకుని, ఒక్క అడుగు కూడా తప్పకుండా కదలాలి. వాళ్లు బాగా ఆడిన రోజు వాళ్ల పేరు ఎవరూ ఎత్తరు. ఒక్కరు తడబడితే వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నేల మీద పడతాడు. క్లీవ్‌లండ్ బ్రౌన్స్ టాకిల్ జో థామస్ 2007 నుంచి 2017లో గాయపడేదాకా వరుసగా 10,363 స్నాప్‌లు (బంతి వెనక్కి అందించడంతో మొదలయ్యే ఒక్కో ఆట ఘట్టం), ఒక్కటి కూడా వదలకుండా ఆడాడు. అంత నిబ్బరం కోరే పనిని ఒక పిల్లవాడు ఇష్టపడుతున్నాడంటే తండ్రి గౌరవించవలసినది అందులో ఎంతో ఉంది.

అయితే మీ అబ్బాయికి కూడా నిజం తెలియాలి. అమెరికా హైస్కూళ్లలో ఈ ఆట ఆడేవారు సుమారు పది లక్షల మంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లు కలిసి ఏటా డ్రాఫ్ట్ అనే వంతులవారీ ఎంపికలో తీసుకునేది, అన్ని స్థానాలకూ కలిపి, సుమారు 260 మందిని. అక్కడికి చేరినవారి సగటు ఆట జీవితం కూడా, ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం, మూడేళ్లకు కొంచెం పైమాటే. కాలేజీలో స్కాలర్‌షిప్ లేకుండానే చేరి, ఆ స్థానానికి బరువు చాలదనిపించుకుని, 2011లో ఆరో రౌండ్‌లో ఎంపికైన జేసన్ కెల్సీ ఫిలడెల్ఫియా జట్టుకు పదమూడు సీజన్లు సెంటర్‌గా ఆడిన మాట నిజమే. అటువంటి వారు ఉన్నారని చెప్పండి, ఎంత అరుదో కూడా అదే నోటితో చెప్పండి.

మీ ముగ్గురూ కలిసి చదవవలసిన జీవితం జాన్ అర్షెల్‌ది. పెన్ స్టేట్‌లో గణితంలో మాస్టర్స్ పూర్తి చేసి, 2014లో బాల్టిమోర్ రేవెన్స్‌కు గార్డ్‌గా ఎంపికై, ఆడుతూనే ఎంఐటీలో గణిత పరిశోధనకు చేరాడు. 2015లో శిక్షణ శిబిరంలో కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) అయినప్పుడు, కొంతకాలం పైస్థాయి గణితం చేయగల శక్తి తనకు తగ్గిందని తానే చెప్పాడు. 2017 జులైలో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మరణించిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించి, 110 మందిలో, తలకు పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే మెదడు క్షీణవ్యాధిని గుర్తించామని ప్రకటించారు. అవి కుటుంబాలు దానమిచ్చిన మెదళ్లు. అప్పటికే అనుమానం ఉన్నవారే ఎక్కువగా ఇస్తారు కనుక ఆడినవారందరికీ అదే నిష్పత్తి వర్తించదు. అయినా తేలికగా తీసుకోదగిన విషయం కాదు. అది వెలువడిన రెండు రోజులకే అర్షెల్ ఇరవై ఆరేళ్ల వయసులో ఆట మానేశాడు, తర్వాత డాక్టరేట్ పూర్తి చేసి ఎంఐటీలోనే అధ్యాపకుడయ్యాడు. అతనికి చదువు ఆట పోతే ఆదుకునే ఊతకర్రగా లేదు, ఆటతో సమానంగా ప్రేమించిన పనిగా ఉంది. మీ అబ్బాయికి అలా మనసు పెట్టగల విషయం ఏదో మీరు అడిగారా? ఆటను తిట్టడం ఆపి అది అడిగితే మాట కలుస్తుంది.

చదువు విషయంలో మీ వారికి ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. కాలేజీ ఆటల్లో పై శ్రేణి అయిన డివిజన్ 1 కాలేజీకి ఆడాలంటే హైస్కూల్‌లో ఇంగ్లిష్, గణితం, సైన్స్ వంటి 16 కోర్ కోర్సులు ఉండాలి, వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి కావాలి, వాటిలో జీపీఏ (గ్రేడ్ల సగటు) కనీసం 2.3 రావాలి. అంటే ఈ దారిలో నడవాలన్నా పుస్తకం తీయక తప్పదు. మీ ఇంటి అంచనా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఉండనివ్వండి.

ఇక తిండి. ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌మన్‌లలో 300 పౌన్లు దాటినవారే ఎక్కువ. మన దక్షిణాసియా వారికి తక్కువ బరువుకే షుగర్ వచ్చే అవకాశం ఉంది, మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. కాబట్టి దొరికిందల్లా తిని బరువు పెంచడం అతనికి తగదు. పిల్లల వైద్యుడి దగ్గర మూడు నెలల సగటు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించి, ఆటగాళ్లను చూసే డైటీషియన్ చెప్పిన మేరకే తిననివ్వండి. రాత్రి గట్టిగా గురక పెడుతుంటే అదీ చెప్పండి. జో థామస్ ఆట మానగానే సుమారు 50 పౌన్లు తగ్గించుకున్నాడు; పెంచిన బరువును ఒక రోజున దించక తప్పదని మీ అబ్బాయికి ఇప్పుడే తెలియాలి.

వచ్చే సీజన్ ఆడనివ్వండి అన్నదే నా సలహా, కానీ తలదెబ్బ విషయంలో రాజీ వద్దు. టెక్సస్‌లో 2011 నుంచి ఉన్న చట్టం ప్రకారం, కంకషన్ అనుమానం కలిగిన విద్యార్థిని వెంటనే ఆట నుంచి తప్పించాలి. వైద్యుడి రాతపూర్వక అనుమతీ, తల్లి లేదా తండ్రి సంతకమూ లేకుండా తిరిగి ఆడించకూడదు. ఆ కాగితం మీ ముందుకు వస్తే కోచ్ తొందరపెట్టినా, కొడుకు బతిమాలినా, కంకషన్లు చూసే నిపుణుడు పూర్తిగా కోలుకున్నాడని చెప్పేదాకా సంతకం పెట్టకండి. సీజన్ మొదలవకముందే ఈ మాట మీరూ మీ వారూ కలిసి అతనికి చెప్పండి. దెబ్బ సంగతి చెప్పినందుకు శిక్ష ఉండదనీ, దాస్తే మాత్రం ఆట ఆగుతుందనీ స్పష్టంగా ఒప్పందం చేసుకోండి. మళ్లీ దెబ్బ తగిలి, తలనొప్పో మరుపో వారాల తరబడి వీడకపోతే, అతను ఎంత అలిగినా మాన్పించండి.