పాట్ మీద 1972 ఉన్నంత మాత్రాన గిటార్ నకిలీ కాదు

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారాలు మిత్రులతో బ్యాండ్‌లో వాయిస్తాను. కాలేజీ రోజుల నుంచి కలగన్న 1965 ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్‌ను 20 నెలల క్రితం ఇక్కడి పాత గిటార్ల వ్యాపారి దగ్గర రూ.9.60 లక్షలకు కొన్నాను. బ్యాంకు ద్వారా 8.10 లక్షలు, మిగతాది నగదు. బిల్లు ఇవ్వలేదు. ‘1965ది, ఎలక్ట్రానిక్స్ అంతా ఒరిజినల్, ఎవరూ విప్పలేదు’ అని వాట్సాప్‌లో రాశాడు, 14 ఫోటోలు పంపాడు. వాటిలో రెండు పిక్‌గార్డ్ (గిటార్ ముందు ఉండే ప్లాస్టిక్ పలక) వెనకవైపువి, కాస్త మసకగా ఉన్నాయి. తెలుగువాడే కదా అని నమ్మాను. ఆరు నెలలకే వాల్యూమ్ తిప్పితే గరగర మొదలైంది. పోయిన నెల సర్వీసుకిస్తే, వాల్యూమ్ పాట్ (నాబ్ కింద శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం) 1972 నాటిదని, బ్రిడ్జ్ పికప్ (తీగల శబ్దాన్ని అందుకునే భాగాల్లో బ్రిడ్జ్ దగ్గరిది) కూడా తర్వాత వేసిందేనని చెప్పి, కొత్త పాట్ వేసి ఇచ్చారు. వ్యాపారి ఫోన్ ఎత్తడం లేదు. ధర పెరుగుతుందనీ ఆశపడ్డాను, నిద్ర పట్టడం లేదు. నకిలీ గిటార్ అంటగట్టాడని పోలీసు కేసు పెట్టాలా? పాత పాట్ ఒకటి సంపాదించి వేయించి, అదే మాట చెప్పి అమ్మేయమంటున్నాడు ఒక మిత్రుడు.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ కేసు తేలేది ఒక్క విషయం మీద. ఆ 1972 పాట్, ఆ పికప్ గిటార్ మీ చేతికొచ్చిన రోజే లోపల ఉన్నాయా? ‘నేనిచ్చినప్పుడు అన్నీ 1965వే, ఈ 20 నెలల్లో మీరే మార్పించుకున్నారు’ అని వ్యాపారి ఒక్క వాక్యం రాస్తే మీరు ఏం చూపిస్తారు?

చూపించాల్సినదాన్ని మీ చేతులతోనే సగం చెరిపేశారు. తొమ్మిదిన్నర లక్షల వస్తువులో తేడా ఉందని తెలిసిన నిమిషంలో విప్పినది విప్పినట్టు ఆపించాలి. మీరు పాట్ ఊడదీయించి కొత్తది వేయించారు. పాత సోల్డరింగ్ పోయింది. పాట్ మీది అంకెలకంటే దాని వీపున ఉన్న ఆ సోల్డరే మీకు ఎక్కువ పనికొచ్చేది. దశాబ్దాల నాటి సోల్డర్ మసకబారి, దుమ్ము పట్టి ఉంటుంది. కొత్తగా పెట్టింది మెరుస్తుంది, చుట్టూ జిగురులాంటి ఫ్లక్స్ మిగిలి ఉంటుంది.

అంకెల సంగతి కూడా తెలుసుకోండి, ఎందుకంటే వాటికి మీరు అనుకున్నంత బలం లేదు. మీరు పంపిన ఫోటోలో పాట్ మీద 1377238 అని ఉంది. మొదటి మూడంకెలు తయారీదారువి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. అంటే 1972లో 38వ వారం. టోన్ పాట్లు రెండింటి మీదా 3046507 ఉంది, 1965 ఏడో వారం. పాట్ తేదీ చెప్పేది ఇంతే: ఈ భాగం అంతకుముందు గిటార్‌లోకి వచ్చి ఉండదు. ఎప్పుడు వచ్చిందో చెప్పదు. ఫెండర్ 1966లో పాట్లు పెద్ద ఎత్తున కొని నిల్వ చేసుకుంది. అందుకే 1968, 69 గిటార్లలోనూ 1966 పాట్లు కనిపిస్తాయి, అందులో తప్పేమీ లేదు. గిటార్ కంటే పాట్ పాతదైతే మామూలే. గిటార్ కంటే కొత్తదైతే మధ్యలో ఎవరో మార్చినట్టు.

కాబట్టి మీ దగ్గరున్న రుజువు ‘ఒరిజినల్’ అన్న మాటను కొడుతుంది, ‘1965’ అన్న మాటను కొట్టదు. వ్యాపారికి పంపే నోటీసులో ‘నకిలీ గిటార్’ అని రాశారంటే రుజువు చేయలేని బరువు మీరే నెత్తిన పెట్టుకున్నట్టు. మెడ అడుగున ఉండే తేదీ ముద్ర గురించి అడుగుతారేమో, ఇప్పుడు ఆ నాలుగు స్క్రూలు విప్పకండి. సీరియల్ నంబరున్న ప్లేటును నమ్ముకోకండి, ఆ స్క్రూలు తీస్తే దాన్నీ మార్చేయొచ్చు.

మరి డెలివరీ రోజు స్థితికి సాక్ష్యం ఏది? వ్యాపారి స్వయంగా పంపిన ఆ రెండు మసక ఫోటోలు. బ్రిడ్జ్ పికప్ నుంచి వచ్చే తీగలు చూడండి. 1965 నాటి ఫెండర్‌లో గుడ్డ తొడుగు తీగలు ఉండాలి, ప్లాస్టిక్ తొడుగు 60ల చివర్లో వచ్చింది. మీ మెకానిక్ ఫోటోలో మిగతా రెండు పికప్‌లకు గుడ్డ తొడుగు, బ్రిడ్జ్‌కు ప్లాస్టిక్ ఉంది. వ్యాపారి ఫోటోలోనూ అదే కనిపిస్తే, అమ్మకం నాటికే పికప్ అలా ఉందని ఆయన ఫోటోయే చెబుతుంది.

అయితే ఆ ఫోటో రెండువైపులా కోస్తుంది. ‘ముందే చూపించాను, చూసే కొన్నారు’ అంటాడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 మినహాయింపు ఆయన లాయరుకు తెలియకపోదు: మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే, పొరపాటు వివరణ కారణంగా ఒప్పందం రద్దు కోరడం కుదరదు. దీనికి మీ జవాబు రెండు ముక్కలు. మసక ఫోటోలో తీగ తొడుగు చూసి సంవత్సరం చెప్పడం మామూలు కొనుగోలుదారు పని కాదు. ఆయన ఊరుకోలేదు, ‘అంతా ఒరిజినల్, ఎవరూ విప్పలేదు’ అని రాసిచ్చాడు. తెలిసి చెప్పిన అబద్ధమని తేలితే ఆ మినహాయింపు ఆయనకు అక్కరకు రాదు.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. మోసం బయటపడింది పోయిన నెలే కాబట్టి అప్పటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద కూర్చోకండి. ఆరో నెలలోనే గరగర వచ్చిందని మీరే రాశారు, ‘అప్పుడే విప్పించి చూడాల్సింది’ అని అవతలివాళ్లు పట్టుకుంటారు. కొన్న తేదీ నుంచి లెక్కిస్తే మీకు నాలుగు నెలలు కూడా లేవు. ఆలోపే ఫిర్యాదు దాఖలు కావాలి.

మిత్రుడి సలహా విషయం. పాత పాట్ వేయించి ‘ఆల్ ఒరిజినల్’ అని అమ్మితే, తెలిసి అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నది మీరవుతారు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 మీ మీదికొస్తుంది. ఇవాళ వ్యాపారి చెప్పుకోవడానికి వీలున్న ‘తెలియదు’ అన్న సాకు మీకు ఉండదు, మీ ఉత్తరమే సాక్ష్యం. ఆ గిటార్‌లో ఇక ఒక్క స్క్రూ కూడా మార్చకండి.

పోలీసు ఫిర్యాదు కూడా ఇప్పుడు వద్దు. అమ్మేనాటికే ఆయనకు మోసబుద్ధి ఉందని చూపాలి, ఆయనా వేరేవాళ్ల మాట నమ్మి కొన్నానంటాడు. వినియోగదారుల కమిషన్‌లో ఆయన మనసులో ఏముందో తేల్చనక్కర్లేదు. వస్తువు నాణ్యత, రకం గురించి చెప్పిన మాట తప్పని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. ‘అది నా సొంత గిటార్, నేను వ్యాపారిగా అమ్మలేదు’ అంటే, డబ్బు ఎవరి ఖాతాలో పడిందో మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి, షాపు ఖాతా అయితే అదే జవాబు. షాపు ఖాతా కాకపోతే మాత్రం సివిల్ కోర్టే దారి, అక్కడ మూడేళ్ల గడువు.

ధర పెరుగుతుందని ఆశపడ్డానని రాశారు. మళ్లీ అమ్ముకోవడానికి కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారు కారు. వ్యాపారికి కూడా ఇలాంటి మెసేజ్ పంపారేమో వెతికి, ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి. బ్యాండ్‌లో ఆ గిటార్ వాయించిన వీడియోలు తేదీలతో సహా దాచండి.

ఈ వారంలో చేయాల్సింది: ఊడదీసిన పాట్‌ను కవర్‌లో పెట్టి సీలు వేసి, తేదీతో మీరు, మెకానిక్ సంతకం చేయండి. విప్పినప్పుడు తీసిన ఫోటోను ఆయన ఫోన్ నుంచి డాక్యుమెంట్‌గా తీసుకోండి. మామూలు వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఫోటో నాణ్యత తగ్గిపోయి, తీసిన తేదీ సమాచారం ఊడిపోతుంది. విప్పేటప్పుడు ఏం చూశారో, ఏది తీశారో ఆయన చేత అఫిడవిట్ రాయించండి. మీ ఫోన్ మార్చకండి, చాట్‌లో మాయమయ్యే మెసేజీల సెట్టింగ్ ఉందేమో చూడండి. ఈ ఎలక్ట్రానిక్ రికార్డులన్నిటికీ భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు నింపాలి. తెలుగు మెసేజీలకు ఇంగ్లిష్ అనువాదం జతచేయండి.

తర్వాత స్పీడ్ పోస్ట్‌లో నోటీసు. అందులో ఫలానా రోజు ఫలానా చోట ఉమ్మడి తనిఖీకి రమ్మని పిలవండి. రాకపోతే ఇద్దరు సాక్షుల ముందు జరిపి, ఆపకుండా ఒకే వీడియో తీయండి: ముందు మెడ ప్లేటు నంబరు, తర్వాత వాయించే తీగలు వదులు చేసి పిక్‌గార్డ్ 11 స్క్రూలు తీయడం, తిప్పిన పిక్‌గార్డ్, పక్కనుంచి టార్చి వేసి ప్రతి పాట్ అంకెలు. సోల్డరింగ్ ఐరన్, క్లీనర్ స్ప్రే దగ్గరికి రానివ్వకండి. పికప్‌ల రెసిస్టెన్స్‌ను జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గరే, వాల్యూమ్ పూర్తిగా పెంచి, మల్టీమీటర్‌తో ఒక్కో పికప్ ఎంచుకుని చూడొచ్చు. 250 కిలో ఓమ్‌ల పాట్ సమాంతరంగా ఉంటుంది కాబట్టి 6 కిలో ఓమ్‌ల పికప్ 5.86 చూపిస్తుంది, అది లోపం కాదు.

నోటీసుకు పదిహేను రోజుల్లో స్పందన లేకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో మీరుండే బెంగళూరు అర్బన్ జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టండి. 5 నుంచి 10 లక్షల మధ్య కొనుగోలుకు ఫీజు రూ.200. ప్రధానంగా గిటార్ తీసుకుని డబ్బు వాపసు ఇమ్మని, అది కుదరకపోతే ధరలో తేడా ఇప్పించమని రెండూ అడగండి. ఇన్నాళ్లు ఉంచుకుని, మీరే పాట్ మార్చారు కాబట్టి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 42 చూపి పూర్తి వాపసును వాళ్లు గట్టిగా అడ్డుకుంటారు. అందుకే అన్నీ అసలువైతే ధరెంత, పాట్, పికప్ మారితే ఎంత అని సంబంధం లేని ఇద్దరు వ్యాపారుల నుంచి రాతపూర్వకంగా తెచ్చిపెట్టుకోండి.

నగదు ఇచ్చిన లక్షా యాభై వేలకు మీ దగ్గర రసీదు లేదు. ‘బ్యాలెన్స్ ముట్టింది’ లాంటి వాయిస్ మెసేజ్ ఏదైనా చాట్‌లో ఉందేమో వినండి. దొరికితే మొత్తం 9.60 లక్షలకు అడగండి. దొరకకపోతే ఆ సొమ్ముకు మీ మాట తప్ప ఆధారం ఉండదు, 8.10 లక్షలకు మించి ఆశ పెట్టుకోవద్దు.