గట్టు మీద నిలబడటం నేర్చుకో

చిరంజీవి మనవడికి తాత ఆశీస్సులు.

నీకు పాములు చూడాలని ఉందంట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పేటప్పుడు నీ మీద కొంచెం కోపం, నా మీద ఇంకొంచెం ఎక్కువ కోపం వినిపించింది. ఫోనులో అయితే పక్కన చేరి వింటుందని ఉత్తరం రాస్తున్నా.

కనిగిరి రిజర్వాయరు కింద కాలువల మీద ముప్పై ఏళ్ళు లస్కరుగా తిరిగినోణ్ణి. తూము షట్టరు ఎత్తడం, ఎక్కడైనా గండి పడిందేమో చూసుకోవడం, పైనోళ్ళు రాత్రికి రాత్రి నీళ్ళు మళ్ళించుకోకుండా కాపు కాయడం, ఇదీ పని. పాముల కోసమని ఒక్కరోజు కూడా బయల్దేరింది లేదు. అయినా కర్ర పట్టుకుని పొదలు కెలికేవాళ్ళకంటే నాకే ఎక్కువ కనబడ్డాయి. నా పనిలో సగం ఊరికే నిలబడటమే మరి. నువ్వు మాట్లాడే మాటకంటే నీ కాలి అదురు పాముకి ముందు తెలుస్తుంది. ధబధబా నడిచావో, నువ్వు పోయేలోపే అది బొరియలో ఉంటుంది. ఒకచోట అరగంట కదలకుండా నిలబడితే నిన్నూ ఒక తుమ్మ మొద్దు కింద లెక్కేసుకుని దాని పని అది చేసుకుంటుంది. ఆ అరగంట నీ చేత అవుతుందా లేదా అన్నదే నా అనుమానం. ఫోను జేబులో పెట్టుకోవాల!

దీపావళికి రా, నాగుల చవితి దాటాక పోదువు. మన నెల్లూరుకి అసలు వాన ఆ రోజుల్లోనే, ఈశాన్య రుతుపవనాలతో. రెండు మూడు మంచి వానలు పడితే కప్పలు గోల మొదలుపెడతాయి. కప్పలు అరిచే మడవ దగ్గర నీరుకట్టె పాము గ్యారంటీ. నీళ్ళలోంచి తల మాత్రం బయటపెట్టి, ఒంటి మీద చదరంగం బల్ల మాదిరి గళ్ళతో ఉంటుంది. విషం లేదు కానీ బో ముక్కోపిది, పట్టుకుంటే కరవకుండా వదలదు. మొదట దాన్ని చూసి చూసి కన్ను అలవాటు చేసుకో.

రాత్రి టార్చి వేస్తే దూరంగా మిలమిలా మెరిసే కళ్ళు చూసి పామనుకునేవు. అవి కప్పలవి, సాలీళ్ళవి. పాము కన్ను అట్లా మెరవదు. వెలుగులో నువ్వు వెతకాల్సింది కన్ను కాదు, గడ్డిలో గడ్డికి అడ్డంగా ఉన్న గీత. పగలైతే ఉడుతను విను. ఒకే కొమ్మ మీద తోక ఎగరేస్తా కిచకిచలాడతా కిందికే చూస్తుంటే, గోరింకలు కూడా వచ్చి చేరితే, ఆ చెట్టు మొదట్లో ఏదో ఉన్నట్టే.

ఈ గుర్తులు నాకు చెప్పింది మా కాలువ కింద పొలాల్లో ఎలకలు పట్టే ఒక యానాది పెద్దాయన. బొరియ ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండానే లోపల ఎవరున్నారో చెప్పేవాడు. నోటి దగ్గర పొడి మట్టి, కొరికి పడేసిన గింజల పొట్టు ఉంటే ఎలక. అంచులు నున్నగా రాసుకుపోయి ఉంటే జాగ్రత్త. సాలెగూడు అల్లుకుని ఉంటే ఇంటికి తాళం వేసినట్టు. పుట్టలకీ ఇదే లెక్క. పుట్ట పెట్టేది చెదలు, పాము ఊరికే వచ్చి అద్దె లేకుండా ఉంటుంది.

ఇంక నా తప్పు చెప్తా, మీ అమ్మకి సగమే తెలుసు. ఒక తెల్లవారుజామున గట్టు మీద గడ్డిలో లావుగా చుట్టుకుని పడుకున్న దాన్ని చూశా. కొండచిలువ పిల్ల అనుకున్నా. పిల్లలకు చూపిద్దామని గోనెసంచి తెచ్చి, వంగి, ఎడమ చెయ్యి చాచా. కుక్కర్లో ఆవిరి తన్నినట్టు బుస్సుమంది. ఆ బుస ఆగేలోపే చిటికెన వేలికి తగిలింది. అది రక్తపింజర. అప్పుడన్నా ఆసుపత్రికి పోవాల్సింది. పోలేదు. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు, ఆయన వేపమండలతో మూడు గంటలు తినేశాడు. నెల్లూరు చేరేసరికి చెయ్యి మోచేతి దాకా వాచింది, చిగుళ్ళలో రక్తం. ఆసుపత్రిలో నా రక్తం చిన్న గాజు గొట్టంలో తీసి కదపకుండా ఇరవై నిమిషాలు పెట్టారు. తర్వాత నర్సమ్మ వంచి చూసింది. గడ్డ కట్టలేదు, నీళ్ళ మాదిరి జారింది. ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తే. నా చిటికెన వేలు వంగకపోవడానికి అదీ కారణం. సైకిలు మీదినుంచి పడ్డానని మీకు చెప్పింది అబద్ధం.

కాబట్టి ఆ రెండింటి తేడా బాగా పట్టుకో. కొండచిలువ మచ్చలు వంకరటింకరగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి, ఒళ్ళు నూనె రాసినట్టు నున్నగా ఉంటుంది. రక్తపింజరకి వీపు మీద మూడు వరసల మచ్చలు గొలుసు మాదిరి ఉంటాయి, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు, ఒళ్ళు గరుకు. విశాఖపట్నంలో ఉండి మన తీరం పాముల్ని చూసి పోయి, 1796లో వాటి మీద పుస్తకం అచ్చేయించిన పాట్రిక్ రస్సెల్ అనే దొర, దీనికి మనవాళ్ళు చెప్పిన పేరు రాసుకున్నాడు: కాటుకరేకుల పొడ. ఇప్పుడు ఇంగ్లీషులో ఆ పాముకి ఆయన పేరే. నాకైతే పాత పేరే ఇష్టం, ఎందుకంటే గుర్తు పేరులోనే ఉంది. రేకుకి కాటుక దిద్దినట్టు కనబడితే వెనక్కి నడువు.

కట్లపాముతోనూ ఇదే తిప్పలు. ఇళ్ళల్లో బల్లుల కోసం తిరిగే చారల పాము ఇంకొకటి ఉంది, విషం లేనిది. దాని చారలు మెడ దగ్గర బాగా కనబడి తోకవైపు మాసిపోతాయి. కట్లపాముకి తలవైపు మాసి, తోకవైపు జంటలు జంటలుగా తేటగా ఉంటాయి. సందేహం వస్తే కట్లపామే అనుకో. అది రాత్రి పూటది, కరిచినా పెద్ద నొప్పి ఉండదు, అదే దానితో ప్రమాదం. ఈడ ఉన్నన్నాళ్ళూ నేల మీద పడక వద్దు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి.

నా జీవితంలో చూసిన గొప్ప దృశ్యం మాత్రం జెర్రిపోతులది. ఒక వైశాఖం, పొద్దున తొమ్మిదప్పుడు, ఎండిన పిల్లకాలువలో రెండు జెర్రిపోతులు తాడు పేనినట్టు పెనవేసుకుని మూడడుగులు పైకి లేచాయి. కరుచుకోవు. ఒకదాని మెడ మీద ఇంకొకటి తల వేసి కిందికి అదుముతుంది, అది జారి మళ్ళీ పైకొస్తుంది. ఒళ్ళు ఒళ్ళుకి రాసుకుంటే ఎండుతాటాకు చప్పుడు. గట్టు మీద జనం చేరి, నాగుపాముకీ జెర్రిపోతుకీ పెళ్ళని చెంపలేసుకున్నారు, ఒకామె పైట కొంగు వేయబోయింది. అది పెళ్ళీ కాదు, అందులో నాగుపామూ లేదు. రెండూ మగవి, ఆడదాని కోసం కుస్తీ. ముప్పావు గంట తర్వాత ఒకటి తల దించి చేలోకి పారిపోయింది. నేను షట్టరు దించడం మర్చిపోయి ఆరోజు చీవాట్లు తిన్నా.

ఉదయగిరి వైపు పోదామంటే ఒకరోజు పోదాం. ఆ ఎర్రమట్టి, రాళ్ళు చిన్నపింజరకి ఇష్టం. మూరెడు కూడా ఉండదు, తల మీద పిట్ట అడుగు లాంటి గుర్తు. చుట్ట చుట్టుకుని ఒళ్ళు ఒంటికి రుద్దుకుంటే పెనం మీద నీళ్ళు చల్లినట్టు చురచురమంటుంది. అక్కడ రాళ్ళు ఎత్తకు. ఎప్పుడైనా ఎత్తాల్సి వస్తే కర్ర కొక్కెంతో అవతలి అంచు పట్టి నీ వైపుకి లేపాలి, అప్పుడు రాయే నీకు అడ్డం. చూశాక ఎట్లా ఉన్నది అట్లాగే పెట్టాలి. అడవి హద్దులోకి అయితే అటవీశాఖ అనుమతి లేనిదే కాలు పెట్టం.

ఎంత దూరం అని అడుగుతావు. రెండు బారలు. ఫొటో కోసం అర బార కూడా తగ్గించను. పట్టడం, ఆడించడం, సీసాలో వేసుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రెండు తలల పాముకి లక్షలిస్తారని ఎవడన్నా చెప్తే వాడు మోసగాడు, దానికున్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉంటుందంతే.

ఒకవేళ జరగరానిది జరిగితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరం, గడియారం తీసెయ్. చెయ్యి గానీ కాలు గానీ కదలకుండా కర్రకి వదులుగా కట్టి, 108కి ఫోను చెయ్. పాముని పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన పనిలేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

వచ్చేటప్పుడు మోకాలిదాకా వచ్చే గమ్ బూట్లు, నెత్తికి కట్టుకునే లైటు, విడిగా ఒక టార్చి తెచ్చుకో. నా టార్చి మసకేసింది. చవితి రోజు మీ అవ్వ పుట్టలో పాలు పోసేటప్పుడు, పాములు పాలు తాగవని అక్కడ లెక్చరు ఇవ్వొద్దు. నలభై ఏళ్ళ కిందట నేను ఇచ్చా, ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

మీ తాత