భర్త సమ్మతి లేకుండా పాపను విశాఖకు తీసుకువెళ్లవచ్చా?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాపకు ఏడేళ్లు, ఇక్కడి ఒడియా మాధ్యమం బడిలో రెండో తరగతి చదువుతోంది. గత దసరా నుంచి నేనూ నా భర్తా ఇదే ఊళ్లో వేరువేరుగా ఉంటున్నాం. విడాకుల కేసు ఇంకా ఎవరూ వేయలేదు. పాప నా దగ్గర ఉండేటట్టు, ఆదివారాలు తండ్రి తీసుకువెళ్లేటట్టు కులపెద్దలు స్టాంపు కాగితం మీద రాయించారు. విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది, జూన్‌లో చేరాలి. మా అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. పాపతో ఊరు దాటితే కిడ్నాప్ కేసు పెడతానని ఆయన అంటున్నారు. చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుంది? పెద్దల కాగితానికి విలువ ఉందా?
ఒక సోదరి, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, మిమ్మల్ని భయపెడుతున్న మాటకే ముందుగా జవాబు చెబుతాను. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ ప్రకారం, మైనరు బిడ్డను చట్టబద్ధమైన సంరక్షకుల అధీనం నుంచి వారి సమ్మతి లేకుండా తీసుకుపోతే అది కిడ్నాప్ అవుతుంది. పాప ఇప్పుడు మీ అధీనంలోనే ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్‌లో సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి అని ఉన్న మాట నిజమే గాని, ఆ ‘తరువాత’ అన్న పదానికి తండ్రి చనిపోయాక మాత్రమేనని అర్థం చెప్పకూడదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు ఉత్తర్వు ఏదీ లేనప్పుడు కన్నవారిలో ఒకరు బిడ్డను తమ వెంట తీసుకువెళ్లడం కిడ్నాప్ కిందికి రాదని హైకోర్టులు పలుమార్లు చెప్పాయి. 2023లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ముందుకు బిడ్డను తీసుకుపోయిన తండ్రి కేసు వచ్చినప్పుడు కూడా ఇదే మాట చెప్పింది. ఆయన ఫిర్యాదు ఇస్తే పోలీసులు మీకు ఫోన్ చేయవచ్చు, పాప క్షేమంగా ఉందో లేదో విచారించవచ్చు. అంతమాత్రాన మీరు నేరస్థులైపోరు.

అయినా చెప్పకుండా వెళ్లవద్దనే నా సలహా. నేరం కాని పని కూడా కస్టడీ దావాలో మీకు ఎదురు సాక్ష్యంగా నిలబడవచ్చు.

బిడ్డ విషయంలో ఏ కోర్టుకు అధికారం ఉంటుందో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. మైనరు మామూలుగా నివసించే చోటు ఏ కోర్టు పరిధిలో ఉంటే ఆ కోర్టులోనే పిటిషన్ వేయాలి. మీ పాప పుట్టి పెరిగి బడికి వెళ్తున్నది పర్లాకిమిడిలో కాబట్టి, మీరు జూన్‌లో విశాఖ చేరినా, జులైలో ఆయన గజపతి జిల్లాలోనే పిటిషన్ వేసి, పాప నివాసం ఇదేనని గట్టిగా వాదించవచ్చు. ఒక తల్లి గాని తండ్రి గాని హఠాత్తుగా తరలించినంత మాత్రాన బిడ్డ నివాసం మారిపోయిందని కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఇక్కడ చాలామంది పొరపడుతున్నారు. హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ కింద భార్య తాను నివసించే చోటనే విడాకుల పిటిషన్ వేసుకోవచ్చు గనుక, బిడ్డ కేసు కూడా తన వెంటే వచ్చేస్తుందని అనుకుంటారు. ఆ సౌకర్యం భార్యకు ఇచ్చినది. బిడ్డ సంరక్షణ పిటిషన్‌కు మాత్రం బిడ్డ నివాసమే కొలమానం.

మన సరిహద్దు ఊళ్లకు ఇంకొక చిక్కు ఉంది. పర్లాకిమిడికీ ఆంధ్రలోని పాతపట్నానికీ మధ్య దూరం ఎంతో లేదు, చుట్టరికాలన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి. కాని 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పడిన గీతకు ఒక పక్క కటక్ హైకోర్టు, మరొక పక్క అమరావతి హైకోర్టు. ఒకే రాష్ట్రంలోని రెండు జిల్లాల మధ్య కేసు మార్చాలంటే హైకోర్టు చాలు. గజపతి జిల్లా కేసును విశాఖకు మార్పించాలంటే మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీ దాకా, సుప్రీంకోర్టుకు వెళ్లాలి. నెల జీతం మీద బతకబోయే మీకు ఆ ఖర్చు, ఆ వాయిదాలు ఎంత భారమో ఆలోచించండి.

సరిహద్దు ఇవతలి ఒక ఊళ్లో నేను చూసిన కేసు ఒకటి చెబుతాను. ఒక తల్లి తెల్లవారుజామున మొదటి బస్సుకు కొడుకును తీసుకుని పుట్టింటికి చేరి, ఫోన్ స్విచాఫ్ చేసుకుంది. భయంతోనే చేసిందని నాకు తెలుసు. నెల తరువాత కోర్టు హాల్లో జడ్జి గారు ఆమెను ఒక్కటే అడిగారు: ఈ ముప్పై రోజుల్లో పిల్లవాడు తండ్రితో ఎన్నిసార్లు మాట్లాడాడు? ఆమె చేతిలోని రుమాలు మడుస్తూ నిలబడిపోయింది. పిల్లవాడిని ఆమె ఎంత బాగా పెంచుతోందో చెప్పడానికి మేము తెచ్చిన కాగితాలన్నీ ఆ మౌనం ముందు తేలిపోయాయి.

కాబట్టి మీరు ప్రయాణానికి ముందే, అంటే ఈ వేసవిలోనే, గజపతి జిల్లాలోని కుటుంబ న్యాయస్థానంలో గాని, ఆ అధికారం ఉన్న జిల్లా కోర్టులో గాని పాప సంరక్షణ కోసం పిటిషన్ వేసి, గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి. పాపను విశాఖకు తీసుకువెళ్లేందుకు అనుమతి కూడా అందులోనే అడగండి. మిమ్మల్ని కోర్టు సంరక్షకురాలిగా నియమిస్తే, అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టు పరిధి దాటించడానికి మళ్లీ అనుమతి కావలసి వస్తుంది.

ఆ పిటిషన్ బలం మీ భర్త తప్పులను ఏకరువు పెట్టడంలో ఉండదు. అపాయింట్‌మెంట్ ఆర్డరు, అద్దె ఇంటి చిరునామా, మీకు నైట్ డ్యూటీ పడిన రోజు పాప పక్కన పడుకునేది అమ్మమ్మేనన్న మాట, చేర్చబోయే బడి పేరు, ఇవన్నీ తేదీలతో సహా రాయండి. ఒడియాలో చదివిన పాప తెలుగు బడిలో ఎలా నెగ్గుకొస్తుందని ఎదుటి పక్షం తప్పకుండా అడుగుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, పాపకు తెలుగు అక్షరాలు రాకపోవచ్చు, ఈ వేసవిలోనే దిద్దించడం మొదలుపెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా తండ్రికి పాప ఎలా దక్కుతుందో మీరే ప్రతిపాదించండి: నెలకు రెండు శనిఆదివారాలు, దసరా, సంక్రాంతి సెలవుల్లో సగం, వేసవిలో సగం, రోజూ రాత్రి వేళ నిర్ణయించిన వీడియో కాల్. పాపను గుణుపురం రైలులో పర్లాకిమిడి దాకా ఎవరు దింపుతారో, టికెట్టు ఎవరు పెట్టుకుంటారో కూడా రాయండి. తల్లి తన ఉద్యోగం కోసం బిడ్డతో ఆస్ట్రేలియా వెళ్లడాన్నే 2010లో సుప్రీంకోర్టు అంగీకరించింది. అప్పుడు కూడా తండ్రి బిడ్డను కలిసే ఏర్పాటు గురించి కోర్టు శ్రద్ధగా ఆలోచించింది.

ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న నియమం మీ పాపకు వర్తించదు, ఆ వయసు దాటింది. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం పాప మేలే కోర్టుకు ప్రధానం.

ఆయన మీ మీద గాని పాప మీద గాని చేయి చేసుకుంటున్నట్లయితే నేను చెప్పిన వరుస తిరగబడుతుంది. అప్పుడు ముందు వెళ్లండి, మర్నాడే అర్జీ వేయండి. 2005 నాటి గృహహింస చట్టం 27వ సెక్షన్ కింద, మీరు తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లవచ్చు. 21వ సెక్షన్ కింద బిడ్డ తాత్కాలిక కస్టడీ కూడా అక్కడే అడగవచ్చు. లేని హింసను మాత్రం కేసు కోసం కల్పించవద్దు. ఒక్క అబద్ధం బయటపడితే మీరు చెప్పిన నిజాలను కూడా కోర్టు నమ్మదు.

లాయరు ఫీజు గురించి వెనకాడవద్దు. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. టీసీ రావడం ఆలస్యమైందని ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు పాపను చేర్చుకోకుండా ఆపకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది గనుక, ఆ విషయంలో ఆందోళన వద్దు.

ఇక పెద్దల కాగితం. అది కోర్టు ఉత్తర్వు కాదు, కోర్టును అది కట్టివేయలేదు. అయినా దసరా నుంచి పాప మీ దగ్గరే ఉందనీ, అందుకు ఆయన సంతకం పెట్టి ఒప్పుకున్నారనీ చూపే మంచి సాక్ష్యం అదే. ఆ కాగితం ప్రకారం ఆదివారాల వంతు మీరు ఒక్కసారి కూడా తప్పకండి. పాపను ఎన్ని గంటలకు పంపారో, ఎన్ని గంటలకు తిరిగి వచ్చిందో ఒక నోటుపుస్తకంలో ఆ రోజే రాసుకోండి. కాగితం అసలు ప్రతిని లామినేషన్ చేయించకుండా, స్టాంపు వెండరు ముద్ర ఉన్న వెనక వైపు కూడా జెరాక్సు తీయించి, అసలును మీ అమ్మగారి దగ్గర భద్రపరచండి. తెలుగులో రాసి ఉంటే పిటిషన్‌తో పాటు దాని అనువాదం కూడా జతపరచవలసి ఉంటుంది.